ఆదివారం పని, విశ్రాంతి, కనికరం: మా సంఘంలో తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో మా సంఘస్థులకు శనివారం సాయంత్రాలు బైబిలు పాఠం చెబుతుంటాను. వచ్చేవారిలో చుట్టుపక్కల ఊళ్ల రైతులున్నారు, కాజీపేట జంక్షన్‌లో రైల్వే ఉద్యోగులున్నారు, ఆసుపత్రుల్లో డ్యూటీలు చేసే నర్సులున్నారు, కాలేజీ పిల్లలున్నారు. ఏ అధ్యాయం చదివినా మాట చివరికి ఆదివారం దగ్గరికే వచ్చి ఆగుతుంది. అడిగినవారి పేర్లు తీసేసి, ప్రశ్నలను వీలైనంత వరకు వారి మాటల్లోనే ఉంచాను. జవాబులు నావి. నేను పాస్టరును కాను, ముప్పై ఏళ్లుగా బైబిలు చదువుతున్న సంఘ సభ్యుణ్ని.

అసలు విశ్రాంతి దినం శనివారమా, ఆదివారమా?

బైబిల్లో చెప్పిన విశ్రాంతి దినం ఏడో రోజు. శుక్రవారం పొద్దు గుంకగానే మొదలై శనివారం పొద్దు గుంకగానే ముగుస్తుంది. యూదులు నేటికీ దాన్ని అలాగే పాటిస్తున్నారు. ఆదివారం యేసు ప్రభువు సమాధి నుంచి లేచిన రోజు. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో త్రోయ పట్టణపు విశ్వాసులు రొట్టె విరవడానికి కూడుకున్నది ఆదివారమే. అందుకే చాలా సంఘాలు ఈ రోజును ప్రభువు దినంగా ఎంచుకున్నాయి. సెవెంత్ డే అడ్వెంటిస్టు సోదరులు మాత్రం శనివారాన్నే ఆచరిస్తారు. ఒకడు ఒక దినాన్ని ఎక్కువగా ఎంచుతాడు, మరొకడు అన్ని దినాలనూ సమానంగా ఎంచుతాడు, ఎవరి మనస్సులో వారు రూఢి పరచుకోవాలి అని పౌలు రోమా పత్రిక 14వ అధ్యాయంలో రాశాడు. ఆ మాట చదివాక ఈ విషయం మీద పొరుగు సంఘంతో గొడవ పడాలని నాకెప్పుడూ అనిపించలేదు.

యేసు ప్రభువు విశ్రాంతి దినాన్ని మీరారా?

సువార్తల్లో ఈ తగువు పంటచేలో మొదలవుతుంది. శిష్యులు ఆకలితో నడుస్తూ వెన్నులు తుంచి, చేతుల్లో నలిపి తిన్నారు. పాలు పట్టిన జొన్న కంకిని అరచేతిలో నలిపి, పొట్టు ఊదేసి, గింజలు నోట్లో వేసుకున్నవారికి ఈ దృశ్యం కళ్లకు కడుతుంది. వారిని ఎవరూ దొంగలనలేదు. పొరుగువాని చేలో చేతితో వెన్నులు తుంచుకోవచ్చు, కొడవలి మాత్రం వేయకూడదని ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం ముందే అనుమతి ఇచ్చింది. ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదు వర్గమైన పరిసయ్యుల అభ్యంతరమంతా ఆ రోజు గురించే. తుంచితే కోత అవుతుంది, నలిపితే నూర్పిడి, ఊదితే తూర్పారబట్టడం. తర్వాతి కాలంలో, క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే యూదు ధర్మ సంకలనం విశ్రాంతి దినాన చేయకూడని పనులను 39 రకాలుగా లెక్కపెట్టింది. ఈ మూడూ ఆ లెక్కలో ఉన్నాయి.

ప్రభువు జవాబుగా ముందు దావీదును గుర్తు చేశారు. ఆకలిగొన్న దావీదు, యాజకులు తప్ప ఎవరూ తినకూడని సముఖపు రొట్టెలు తిన్నాడు, తనవారికీ పెట్టాడు. ఆ తర్వాత మత్తయి 12వ అధ్యాయంలో హోషేయ ప్రవక్త మాట ఎత్తారు: "కనికరమునే కోరుచున్నాను గాని బలిని కోరను." ఈ మాట భావం మీకు తెలిసి ఉంటే నిర్దోషులను దోషులని తీర్పు తీర్చి ఉండేవారు కాదు అన్నారు. మార్కు సువార్తలో మరో మాట ఉంది: "విశ్రాంతిదినము మనుష్యులకొరకే నియమింపబడెను గాని మనుష్యులు విశ్రాంతిదినముకొరకు నియమింపబడలేదు."

ఇక స్వస్థతలు. ఊచచెయ్యి (ఎండిపోయిన చెయ్యి) గలవాడు, నడుము వంగిపోయిన స్త్రీ, జలోదర రోగి, బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్లుగా పడి ఉన్న మనిషి, పుట్టుగుడ్డి, వీరందరినీ ఆయన విశ్రాంతి దినానే బాగు చేశారు. వీరిలో ఎవరూ ఆ రాత్రికి చనిపోయేవారు కారు. మర్నాటి వరకు ఆగవచ్చు. నడుము వంగిన స్త్రీ బాగైనప్పుడు సమాజమందిరపు (యూదుల ప్రార్థన మందిరపు) అధికారి అదే అన్నాడు: పని చేయడానికి ఆరు రోజులున్నాయి, ఆ రోజుల్లో వచ్చి బాగుపడండి. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఆమె 18 ఏళ్లుగా నేల చూపులతో బతికింది. మీలో ప్రతివాడూ ఈ రోజున తన ఎద్దును గాడి దగ్గర విప్పి నీళ్లకు తోలుకుపోడా, ఈమెను ఈ కట్టు నుంచి విప్పకూడదా అని ప్రభువు అడిగారు. మా పల్లెల్లో బర్రెను విప్పి నీళ్లు పెట్టకుండా ఆదివారం చర్చికి బయలుదేరే ఇల్లు నేనింతవరకు చూడలేదు. నోరులేని జీవానికి మనం రోజూ ఇచ్చే సెలవునే ఆయన ఆమెకు ఇచ్చారు.

కాబట్టి నా జవాబు ఇది: ఆయన ఆజ్ఞను మీరలేదు. దాని చుట్టూ వేసిన కంచె కొన్నిచోట్ల మనుషులకు గుచ్చుకుంటోంది, ఆ ముళ్లను తీసేశారు.

అయితే పరిసయ్యులు దయలేనివారా?

మన ప్రసంగాల్లో వారిని రాళ్లగుండెల వారిగా చూపించడం అలవాటైపోయింది. ఇది నన్ను చాలా కాలంగా బాధిస్తోంది. ప్రాణాపాయం ఉంటే విశ్రాంతి దినపు నియమాలన్నీ పక్కకు తప్పుకోవాలని యూదు మత గురువులైన రబ్బీలే బోధించారు. మిష్నాలో ఆ మాట స్పష్టంగా ఉంది. విశ్రాంతి దినం మీకు అప్పగించబడింది, మీరు దానికి అప్పగించబడలేదు అన్న మాట కూడా రబ్బీల వ్యాఖ్యానాల్లో కనిపిస్తుంది.

వారి పట్టుదల వెనుక కన్నీళ్లున్నాయి. కతోలిక బైబిలులో ఉన్న మక్కబీయుల మొదటి గ్రంథం ప్రకారం, శత్రువులు విశ్రాంతి దినాన దాడి చేస్తే సుమారు వెయ్యి మంది చేయి ఎత్తకుండా భార్యాబిడ్డలతో సహా చనిపోయారు. ఆ తర్వాతే, ప్రాణం కాపాడుకోవడానికి ఆ రోజున పోరాడవచ్చని నిర్ణయించుకున్నారు. ఇంత వెల చెల్లించిన జనం ఆ రోజును తేలికగా తీసుకోలేరు. మృత సముద్రం దగ్గర దొరికిన చుట్టల్లోని ఒక కఠినమైన వర్గపు నియమావళి, గుంటలో పడ్డ పశువును కూడా విశ్రాంతి దినాన పైకి తీయవద్దు అంటుంది. గొర్రె గుంటలో పడితే మీలో ఎవడు దాన్ని పైకి తీయడు అని ప్రభువు పరిసయ్యులను అడిగారంటే, వారు తీస్తారని ఆయనకు తెలుసు. వారిలో ఉన్న కనికరాన్ని ఆధారం చేసుకునే మాట్లాడారు. ఇంకొంచెం ముందుకు రమ్మని పిలిచారు.

కట్టెలు ఏరుకున్నవాణ్ని రాళ్లతో కొట్టి చంపమని రాసి ఉంది కదా?

ఉంది. సంఖ్యాకాండము 15వ అధ్యాయం. ఈ ప్రశ్న అడిగిన అమ్మాయి గొంతు వణికింది. వాళ్లమ్మ రోజూ కట్టెలు ఏరుకొచ్చి వంట చేసిన మనిషి.

దీన్ని మెత్తగా మార్చి చెప్పడం నాకు చేతకాదు. బానిసత్వం నుంచి అప్పుడే బయటపడిన ఒక జనానికి ఇచ్చిన తొలి కట్టడుల్లో ఒకటి అది, దాన్ని తెలిసి ధిక్కరించడంగా ఆ కథ చూపిస్తుంది. దాని ముందు వచనాలు బుద్ధిపూర్వకంగా చేసే పాపం గురించే మాట్లాడతాయి. అయినా ఆ కథ చదివిన ప్రతిసారీ నా మనసు కలత పడుతుంది. నాకు ఊరట ఇచ్చే విషయం ఒకటే. పడక ఎత్తుకుని నడువు అని విశ్రాంతి దినాన చెప్పి, దాని వల్ల తన ప్రాణం మీదికి తెచ్చుకున్నది యేసే. ఊచచెయ్యి బాగైన మరుక్షణం ఆయనను చంపాలని ఆలోచన చేశారని మార్కు 3వ అధ్యాయం రాస్తుంది. ఆ కథలోని రాళ్లకు ఆయనే ఎదురు నిలబడ్డారు.

వరి కోతలప్పుడు ఆదివారం పొలానికి పోవచ్చా?

మా దగ్గర ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇదే. నవంబరులో ఒకసారి, ఏప్రిల్, మే నెలల్లో మరోసారి వస్తుంది.

బైబిలు జవాబు ముందు కఠినంగానే ఉంది. దున్నే కాలంలోనూ కోత కాలంలోనూ విశ్రమించాలని నిర్గమకాండము 34వ అధ్యాయం ప్రత్యేకించి చెబుతుంది. పని తక్కువ ఉన్నప్పుడు విశ్రాంతి ఎవరైనా తీసుకుంటారు, చేతినిండా పని ఉన్నప్పుడే అది నమ్మకానికి పరీక్ష. మరోవైపు, 321లో రోమా చక్రవర్తి కాన్‌స్టాంటైన్ ఆదివారం సెలవు ప్రకటించినప్పుడు పట్టణాలవారు పని ఆపాలన్నాడు గానీ రైతులకు మినహాయింపు ఇచ్చాడు. విత్తడానికీ ద్రాక్ష నాటడానికీ తగిన అదను దాటిపోతే తిరిగి రాదని ఆ శాసనంలోనే కారణం చెప్పాడు.

ఈ రెండింటి మధ్య మన రైతు నిలబడి ఉన్నాడు. వరికోత యంత్రం ఊళ్లోకి వచ్చినప్పుడు వంతు ప్రకారం కోస్తుంది. ఆదివారం మన వంతు వచ్చిందంటే, వద్దంటే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. అప్పటికి గింజ రాలిపోతుంది. వడ్లు కొనుగోలు కేంద్రంలో పోశాక తేమ 17 శాతానికి దిగే వరకు ఎండబెట్టాలి. ఆ రోజుల్లో ఆకాశం ఎవరి మాటా వినదు.

ఒక ఏప్రిల్ ఆదివారం సంగతి చెబుతాను. మేము కొందరం బంధువుల ఊరి చర్చిలో ఆరాధనకు వెళ్లాం. ప్రసంగం సగంలో ఉండగా కిటికీలోంచి చల్లని గాలి వచ్చింది. వెనక వరుసలో కూర్చున్న ఒక విధవరాలు ముడుచుకున్న చేతులతో బయటికి చూస్తోంది. ఆమె వడ్లు రోడ్డు పక్కన కుప్పగా ఉన్నాయని ఊరందరికీ తెలుసు. ఆమె లేవలేదు. లేస్తే నలుగురూ ఏమనుకుంటారో అని భయం. పాస్టరు గారు బైబిలు మూసి, "అమ్మ వడ్లు తడుస్తాయి, పదండి" అన్నారు. తెల్ల చొక్కాలతో ఇరవై మంది పరుగెత్తాం. టార్పాలిన్ నాలుగు మూలలా లాగి, అంచుల మీద రాళ్లు పెట్టే లోపే పెద్ద చినుకులు మొదలయ్యాయి. తడిసిన బట్టలతో తిరిగి వచ్చి కూర్చున్నాక ఆయన ప్రసంగం కొనసాగించలేదు. ప్రార్థన చేసి పంపేశారు. ఆ రోజు మేమెవరం ఆజ్ఞను మీరామని నేననుకోవడం లేదు.

కాబట్టి నా సలహా: కళ్లముందు నష్టపోయే పంటను కాపాడుకోండి, నిష్కపటంగా కాపాడుకోండి. పొరుగువారి పంటను అంతకంటే త్వరగా కాపాడండి. కానీ సోమవారం చేయగల పనిని అలవాటుగా ఆదివారం మీదికి నెట్టకండి. వానకూ వంకకూ తేడా మీ మనస్సాక్షికి తెలుస్తుంది.

ఆసుపత్రి, రైలు, గని, ఇలాంటి డ్యూటీలు ఆదివారం పడితే?

వెళ్లి చేయండి, ప్రభువు పేరిట చేయండి. ఆదివారాన్ని అత్యంత నిష్ఠగా పాటించిన ఇంగ్లండు, స్కాట్లండు సంఘాలవారు 1640లలో రాసుకున్న వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం కూడా అవసరమైన పనులకూ కనికర కార్యాలకూ ఆ రోజున చోటు ఇచ్చింది. కతోలిక సంఘం కూడా రోగులకూ పసిబిడ్డల తల్లులకూ ఆదివారపు పూజ విషయంలో మినహాయింపు ఇస్తుంది.

నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లికి ఎప్పుడైనా వెళ్తే అక్కడి పాత కుష్ఠు ఆసుపత్రిని చూడండి. డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1915లో దాన్ని ప్రారంభించారు. నర్సాగౌడ్ అనే హిందూ దాత డబ్బు ఇచ్చారు. పుండ్లకు కట్టు కట్టాల్సిన చోట వారంలో ఏ రోజు అన్న లెక్క ఉండదు. భోపాలపల్లి, గోదావరిఖని గనుల్లో షిఫ్టు చేసేవారు, రైళ్లు నడిపేవారు దిగులు పడనక్కరలేదు. కానీ వారంలో మరో రోజైనా పూర్తిగా విశ్రాంతి తీసుకోండి. ఓవర్‌టైము డబ్బుల కోసం ఏడు రోజులూ పని చేసి, అది కనికర కార్యమని పేరు పెట్టుకోకూడదు.

ఆరాధన మానేసి సహాయానికి వెళ్తే?

2024 సెప్టెంబర్ 1 ఆదివారమే. కేసముద్రం దగ్గర వరదకు రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి, ఖమ్మంలో మున్నేరు ఇళ్లలోకి వచ్చింది. ఆ రోజు ఎవరైనా పాటల పుస్తకం పక్కన పెట్టి అన్నం గిన్నె మోసుంటే, అదే వారి ఆరాధన.

మా ఇంట్లో పని చేసే ఆమె క్రైస్తవురాలు కాదు. ఆదివారం ఆమెతో పని చేయించుకోవచ్చా?

ఇది తక్కువమంది అడుగుతారు. అందరూ అడగాలని నా కోరిక.

పది ఆజ్ఞల్లో విశ్రాంతి దినం గురించిన నాలుగో ఆజ్ఞ బైబిల్లో రెండుసార్లు వస్తుంది. నిర్గమకాండము 20లో కారణం సృష్టి: దేవుడు ఏడో రోజు విశ్రమించాడు. ద్వితీయోపదేశకాండము 5లో కారణం వేరు: నీవు ఐగుప్తులో దాసుడవై ఉన్నావని జ్ఞాపకం చేసుకో, నీవలె నీ దాసుడూ నీ దాసీ విశ్రమించాలి. రెండు చోట్లా నీ పశువు, నీ ఇంట ఉన్న పరదేశి కూడా జాబితాలో ఉన్నారు. పరదేశి మన మతంవాడు కాడు. అయినా ఆ రోజు అతనిది కూడా. కనికరం ఈ నియమానికి తర్వాత చేర్చిన మినహాయింపు అనుకుంటాం గానీ, నియమం పుట్టిందే కనికరం కడుపున.

మా తాత ఒక దొర ఇంట్లో జీతం ఉండేవాడు. ఏడాదికింత అని వడ్లు కొలిచేవారు, సెలవు అనే మాట లేదు. పశువుల కొట్టంలోనే పడుకునేవాడు. మిషన్ పంతులు ఒకాయన పది ఆజ్ఞలు చదువుతుంటే నాలుగో ఆజ్ఞలో తాత ఆగిపోయాడట. "ఎద్దుకు కూడా సెలవిచ్చిండా దేవుడు? జీతగానికి కూడానా?" అని మళ్లీ చదివించుకున్నాడట. ముసలితనంలో కూడా ఈ మాట చెప్పేటప్పుడు ఆయన కళ్లలో ఆశ్చర్యం తగ్గలేదు. ఆయన యేసును నమ్మింది ఆ వాక్యంతోనే. మన దేశంలో మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు కూడా ఊరికే రాలేదు. నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వంలో బొంబాయి కార్మికులు ఏళ్ల తరబడి అడిగితే 1890లో వచ్చింది.

అలాంటి తాత మనవణ్ని నేను. నేను చర్చిలో విశ్రాంతి గురించి పాఠం చెబుతున్న గంటలో మా ఇంట్లో మరొకరు అంట్లు తోముతుంటే ఆ పాఠానికి అర్థం లేదు. ఆమెకు జీతం కోయకుండా ఆదివారం సెలవు ఇవ్వండి. ఆమె ఆ రోజు ఏ గుడికి వెళ్తుందో, ఇంట్లో పడుకుంటుందో అది ఆమె ఇష్టం. ఆదివారం నేను ఏం చేయకూడదు అని అడిగేవారికి నేనొక ప్రశ్న కలుపుతుంటాను: నా వల్ల ఎవరికి విశ్రాంతి లేకుండా పోతోంది?

నీట్ లాంటి పరీక్ష ఆదివారం వస్తే మానేయాలా?

రాయనివ్వండి. తెల్లవారి ప్రార్థన చేసి పంపండి. కొందరు ఎరిక్ లిడెల్ పేరు చెప్పి పిల్లలను భయపెడుతుంటారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ (తొలి దశ పరుగులు) ఆదివారం పడ్డాయని ఆయన పరుగెత్తలేదు, తర్వాత 400 మీటర్లలో బంగారు పతకం గెలిచాడు. ఆ నిష్ఠకు నేను నమస్కరిస్తాను. కానీ ఆ కథ అక్కడితో అయిపోలేదు. ఆయన మిషనరీగా చైనా వెళ్లి, యుద్ధ కాలంలో జపాను వారి నిర్బంధ శిబిరంలో బందీ అయ్యాడు. అక్కడి పిల్లలకు ఆటలు ఆడించేవాడు, ఆదివారం మాత్రం వద్దనేవాడు. పిల్లలు తమంతట తాము ఆడి కొట్టుకున్నాక, ఆయన మనసు మార్చుకుని ఆదివారం కూడా రిఫరీగా నిలబడ్డాడు. 1945లో ఆ శిబిరంలోనే చనిపోయాడు. తన పతకం కోసం వదలని నియమాన్ని పిల్లల కోసం వదిలాడు. లిడెల్ కథ చెప్పేవారు రెండో సగం కూడా చెప్పాలి.

వరుసగా ఆదివారాలు రాని వ్యక్తి పేరు సంఘపు పట్టీ నుంచి తీసేయవచ్చా?

ముందు అతని ఇంటికి వెళ్లండి. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఒకసారి మేము పెద్దలం కూర్చుని ఒకతని పేరు కొట్టేశాం. నేను కూడా చేయి ఎత్తాను. కొన్ని నెలల తర్వాత ఒక అపార్టుమెంటు గేటు దగ్గర అతను కనిపించాడు. వాచ్‌మన్ పని, పగలూ రాత్రీ అక్కడే, గేటు పక్క గదిలో కుటుంబం. ఎందుకు రావడం లేదని అడిగాను. "నాకు ఆదివారం ఎవరిస్తారన్నా?" అన్నాడు. కోపం లేదు, నిజంగానే అడిగాడు. మర్నాడే వెళ్లి అతని పేరు మళ్లీ రాయించాం. ఇప్పుడు నెలకు రెండు ఆదివారాలు మా యౌవనస్థుల్లో ఒకరు ఉదయం మూడు గంటలు ఆ గేటు దగ్గర కూర్చుంటారు, అతను చర్చికి వస్తాడు. ఇది చేయడానికి మాకు ఏ తీర్మానమూ అవసరం కాలేదు.

ఆదివారం విశ్రాంతి అంటారు, మాకు ఆ రోజే ఎక్కువ పని. దీని సంగతేమిటి?

మా స్త్రీల సమాజంలో ఒకావిడ అడిగింది ఇది. పిల్లలకు తలస్నానాలు, ఇస్త్రీ బట్టలు, మధ్యాహ్నానికి కోడికూర, బగారా అన్నం, చర్చి నుంచి వెంట వచ్చే చుట్టాలు. ఆరాధనలో కూర్చున్నా మనసు పొయ్యి మీదే ఉంటుందని ఆమె చెప్పింది.

నాలుగో ఆజ్ఞ జాబితా చూడండి: నీవు, నీ కుమారుడు, నీ కుమార్తె, నీ దాసుడు, నీ దాసి, నీ పశువు, పరదేశి. భార్య విడిగా లేదు. ఆజ్ఞ ఇంటి యజమానిని ఉద్దేశించిందనీ, "నీవు" అన్న మాటలో భార్యాభర్తలిద్దరూ ఉన్నారనీ వ్యాఖ్యాతలు చెబుతారు. నేనూ అలాగే నమ్ముతాను. అలా నమ్మితే ఆదివారం కూర ఎవరు వండాలో మగవారు ఆలోచించాలి. శనివారం రాత్రే వండి పెట్టుకోవచ్చు. అడవిలో ఇశ్రాయేలీయులు దేవుడిచ్చిన మన్నా అనే ఆహారాన్ని ఆరో రోజు రెండింతలు కూర్చుకున్నారు, ఏడో రోజు పొయ్యి వెలిగించలేదు. పచ్చి పులుసుతో సరిపెట్టుకున్నా ఏ చుట్టమూ అలిగి వెళ్లిపోడు.

మా ఇంట్లో ఈ మార్పు వచ్చి రెండేళ్లయింది. శనివారం రాత్రి నేనూ మా అబ్బాయీ ఉల్లిగడ్డలు కోసి, కూర వండి పెడతాం, ఆదివారం అన్నం మాత్రం పెట్టుకుంటాం. అలా చేసిన మొదటి ఆదివారం మా ఆవిడ ప్రసంగం అయ్యేదాకా ఒక్కసారి కూడా గోడ గడియారం వైపు చూడలేదు.